వైకల్య అధ్యయనంలో డిగ్రీ: చేరేముందు తేల్చుకోవలసిన సందేహాలు

తొలిమెట్టు

అందరికీ నమస్కారం. వైకల్య అధ్యయనం ప్రధాన విషయంగా డిగ్రీ చదవాలని అనుకుంటున్నాను. దరఖాస్తు పంపేముందు కొన్ని సందేహాలు తీర్చుకోవాలని ఈ చర్చావేదికలో రాస్తున్నాను. మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉంది. నేను ఈ చదువు పేరు చెప్పగానే, వాడిని చూసుకోవడానికి పనికివచ్చే చదువని మా ఇంట్లో అందరూ సంతోషించారు. తీరా పాఠ్యప్రణాళిక తెప్పించుకొని చదివితే, అందులో కండరాల బిగువును సడలించే వ్యాయామాల గురించి గాని, మాట నేర్పే పద్ధతుల గురించి గాని ఒక్క పేపరు కూడా లేదు. చరిత్ర ఉంది, చట్టం ఉంది, సాహిత్యం ఉంది, పరిశోధన పద్ధతులు ఉన్నాయి. 'సాధారణత' అనే ఒక్క మాట మీద సెమిస్టరంతా సాగే పేపరు కూడా ఒకటి ఉంది.

నా సందేహాలు మూడు. ఇంతకూ ఈ చదువులో నేర్పేది ఏమిటి? వైకల్యం లేని నేను, తమ్ముడి కారణంగా మాత్రమే దీని దగ్గరికి వచ్చిన నేను, ఆ తరగతిలో కూర్చోవడం సబబేనా? చదువు పూర్తయ్యాక చేయగలిగే పని ఏమిటి? ఈ మూడో ప్రశ్న నిజానికి మా నాన్నగారిది. అయినా జవాబు నాకూ కావాలి.

పాతపుస్తకం

నేను ఈ డిగ్రీ పూర్తిచేసి పన్నెండేళ్లయింది. చక్రాల కుర్చీ వాడతాను. ఇప్పటికి మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తాను. మిగిలిన రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ ఇంట్లోవాళ్లు పొరబడ్డారని తక్కువగా అనుకోకండి, ఈ శాస్త్రం పుట్టిందే ఆ పొరపాటును పట్టుకొని. ఫిజియోథెరపీ, ప్రత్యేక విద్య, పునరావాస శాస్త్రం మనిషి దగ్గర మొదలవుతాయి. ఈ కాలు ఎక్కడ ఆగిపోయింది, ఈ మాట ఎక్కడ తడబడుతోంది, దాన్ని ఎంతవరకు ముందుకు తీసుకురాగలం అని అవి అడుగుతాయి. వైకల్య అధ్యయనం ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాట్లను నిలదీస్తుంది. 1976లో బ్రిటన్‌లో యూపియాస్ అనే పేరున్న వికలాంగుల సంఘం ఒక చిన్న పత్రాన్ని వెలువరించింది. శరీరంలో ఉన్న కొరతను 'లోపం' అనీ, అలాంటి లోపమున్నవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా సమాజం చేసుకున్న ఏర్పాట్ల వల్ల వాళ్ల మీద వచ్చిపడే అడ్డంకులను 'వైకల్యం' అనీ ఆ పత్రం రెండుగా విడదీసింది. కాలు కదలకపోవడం లోపం. ఆ కాలు కదలనివాడు గ్రంథాలయంలోకి వెళ్లలేకపోవడం వైకల్యం. మొదటిదానికి కారణం నరాల్లో ఉండవచ్చు, రెండోదానికి కారణం మెట్లు కట్టినవాడి బుర్రలో ఉంది. 1983లో మైక్ ఆలివర్ ఈ ఆలోచనకు 'సామాజిక నమూనా' అని పేరు పెట్టారు. ఆయన కూడా చక్రాల కుర్చీ వాడిన మనిషే.

మొదటి సంవత్సరంలో మాకు బాగా మనసుకు పట్టిన పాఠం విక్ ఫింకెల్‌స్టీన్ ఊహించిన ఊరు. ఆయన దక్షిణాఫ్రికాలో జాతివివక్షను ఎదిరించి జైలుకు వెళ్లి, 1968లో బ్రిటన్‌కు శరణార్థిగా వచ్చారు. ఆయన ఊహలోని ఊరిలో అందరూ చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లే. ఇళ్లు వాళ్లే కట్టుకున్నారు కాబట్టి ఎత్తయిన తలుపులు, ఎత్తయిన పైకప్పులు అనవసరమని తోచి, తలుపులు అయిదడుగులకు తగ్గించారు. కొంతకాలానికి ఆ ఊరికి నడిచే మనుషులు కొందరు వచ్చిపడ్డారు. గుమ్మం దాటినప్పుడల్లా వాళ్ల నుదురు బొప్పి కట్టేది. ఊరి వైద్యులు వాళ్లను పరీక్షించి, అది వాళ్ల శరీర నిర్మాణానికి సంబంధించిన సమస్యేనని తేల్చి, తలకు పెట్టుకోవడానికి ప్రత్యేకమైన టోపీలు తయారుచేయించారు. వాళ్లకు ఉద్యోగాలు దొరకలేదు. వాళ్ల కోసం విరాళాలు పోగుచేసే సంఘాలు వెలిశాయి. చిల్లర వేయడానికి అవే టోపీలను దుకాణాల్లో తిరగేసి పెట్టారు. ఈ కథ విన్న రోజు తరగతిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నా చిన్నప్పుడు నాకోసం తయారుచేయించిన సామాన్లన్నీ వరసగా గుర్తుకువచ్చాయి.

ఇక ఆ 'సాధారణత' పేపరు సంగతి. దాన్ని చూసి చాలామంది జంకుతారు గాని, నా మటుకు నాకు డిగ్రీ మొత్తంలో అదే అసలైన పేపరు. మనం పొద్దస్తమానం వాడే ఈ భావనకు పుట్టిన తేదీ ఉందని అక్కడ తెలుస్తుంది. 1835లో బెల్జియం గణాంకవేత్త కెట్లే, ఖగోళ పరిశీలనల్లో దొర్లే తప్పులను లెక్కగట్టే పద్ధతిని మనుషుల శరీర కొలతలకు వర్తింపజేసి, 'సగటు మనిషి' అనేవాణ్ణి తయారుచేశారు. నక్షత్రం స్థానాన్ని కొలిచేటప్పుడు సగటుకు దూరంగా ఉన్న కొలత తప్పు. మనిషిని కొలిచేటప్పుడు సగటుకు దూరంగా ఉన్న మనిషి ఏమవుతాడు? 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ జాతిని మెరుగుపరిచే శాస్త్రమంటూ యూజెనిక్స్ అనే పేరు పెట్టేనాటికి ఆ మనిషి కూడా తప్పే అయిపోయాడు. 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం, బుద్ధిమాంద్యం ఉందని ముద్రవేసిన ఒక యువతికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడం న్యాయమేనని ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా తీర్పు చెప్పింది. 1939 నుంచి జర్మనీలో నాజీ ప్రభుత్వం వికలాంగులను చంపించినదానికి దారి అక్కడికి ముందే సగం పడి ఉంది. ఒక గణిత పద్ధతి నుంచి ఒక శస్త్రచికిత్స బల్ల దాకా వచ్చే ఈ దారిని మెట్టుమెట్టుగా చూపించడానికి సెమిస్టరు సరిపోదని మా అధ్యాపకులు అనేవారు.

సందేహి

నేను ఫిజియోథెరపిస్టును. పైన రాసినది ఆసక్తిగా చదివాను, చరిత్ర విషయంలో నాకు అభ్యంతరం లేదు. అయితే ఒక్క మాట సూటిగా అడుగుతాను. మెట్ల పక్కన ర్యాంపు కట్టాలన్న సంగతి తెలుసుకోవడానికి మూడు నాలుగేళ్ల డిగ్రీ అవసరమా? సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి చిన్న వయసులోనే సరైన వ్యాయామం, సరైన ఆసరా పరికరాలు అందకపోతే కీళ్లు బిగుసుకుపోయి, తుంటి ఎముక పక్కకు జరిగే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు సమాజం ఎన్ని ర్యాంపులు కట్టినా ఆ నొప్పి తగ్గదు. ఈ చదువు చదివిన కొందరు మమ్మల్ని శత్రువుల్లా చూడడం నేను గమనించాను. తమ్ముడి మీద ప్రేమతో వస్తున్న ఈ విద్యార్థికి నా సలహా, చేతికి విద్య ఇచ్చే కోర్సు చదవమని. తమ్ముడికీ, మరో వందమందికీ అది ఉపయోగపడుతుంది.

నొప్పిలెక్క

సందేహి గారితో సగం ఏకీభవిస్తున్నాను. నాకు కీళ్లవాతం. నేను ఈ డిగ్రీలో మూడో సంవత్సరంలో ఉన్నాను.

తరగతిలో సామాజిక నమూనా విన్న మొదటి వారం నాకు ఎంత ఊరట కలిగిందో, రెండో నెలకు అంత కోపం వచ్చింది. లోకంలోని మెట్లన్నీ రాత్రికి రాత్రి మాయమైనా తెల్లవారుజామున నా వేళ్లు విప్పుకోవు. ఈ మాట అంటే 'వైద్య నమూనాకు', అంటే సమస్యంతా శరీరంలోనే ఉందనే ఆలోచనకు, 'లొంగిపోయావు' అంటారేమోనని కొంతకాలం నోరు మెదపలేదు. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఈ కోపం నాకంటే ముందే ఈ శాస్త్రంలో ఉంది. 1991లో జెన్నీ మోరిస్, 1996లో లిజ్ క్రో సరిగ్గా ఇదే అడిగారు: ఉద్యమానికి ఇబ్బందిగా ఉంటుందని మన నొప్పిని, అలసటను, మన శరీరాన్ని మాటల్లోంచి తీసేయాలా? ఇద్దరూ స్త్రీలు, ఇద్దరూ ఉద్యమంలో ఉన్నవాళ్లే. 2006లో సామాజిక శాస్త్రవేత్త టామ్ షేక్‌స్పియర్ ఈ నమూనాను ఇంకా గట్టిగా విమర్శించారు. ఆలివర్ కూడా తన నమూనా ఒక పనిముట్టే తప్ప సమగ్ర సిద్ధాంతం కాదని చెబుతూ వచ్చారు.

కాబట్టి ర్యాంపుల కోసం డిగ్రీ ఎందుకన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ర్యాంపు గురించి ఒక వారంలో చెప్పేయవచ్చు. ర్యాంపు తీర్చలేని చోట ఏమి చేయాలి అన్నదానికి మిగిలిన మూడేళ్లూ పడతాయి. నెలలో పది రోజులు పనిచేయగలిగి ఇరవై రోజులు మంచం దిగలేని మనిషికి ఉద్యోగ నిబంధనలు ఎలా రాయాలి? నిర్ణయం తీసుకోవడానికి తోడు అవసరమైన మనిషి సంతకానికి ఎంత విలువ ఇవ్వాలి? మానసిక ఆరోగ్య చికిత్స వద్దన్న మనిషి మాట ఎంతవరకు చెల్లుతుంది? ఇవి ఫిజియోథెరపీ తరగతిలో రావు. రావాలని కూడా నేను అనడం లేదు.

శ్రవణం

నేను పుట్టు బధిరుణ్ణి. నా మాతృభాష సైగల భాష. తెలుగు రాయడం తర్వాత నేర్చుకున్నాను, పొరపాట్లుంటే మన్నించండి.

సందేహి గారు నొప్పి గురించి అన్నది న్యాయమే. కానీ నాకు నొప్పి లేదు. నా విషయంలో 'లోపం' అనే మాట కూడా ఎదుటివాళ్లు తెచ్చిపెట్టినదే. అమెరికా తూర్పు తీరాన మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి ఉంది. అక్కడ వంశపారంపర్యంగా వచ్చే చెవుడు ఎక్కువగా ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దీవిలో సుమారు 155 మందికి ఒకరు పుట్టుకతో బధిరులు, చిల్‌మార్క్ అనే ఊరిలోనైతే సుమారు 25 మందికి ఒకరు. అందువల్ల అక్కడ వినేవాళ్లందరికీ సైగలు వచ్చేవి. బధిరులు ఎవరూ పక్కన లేనప్పుడు కూడా దూరంగా ఉన్న పడవలోని మనిషితో మాట్లాడడానికి వినేవాళ్లు సైగలే వాడేవారు. నోరా గ్రోస్ అనే మానవశాస్త్రవేత్త ఆ దీవి వృద్ధులతో మాట్లాడి 1985లో తన పరిశోధనను ప్రచురించారు. ఫలానా ఆయన గురించి చెప్పమంటే ఆయన మంచి జాలరి అని చెప్పేవారట. బధిరుడన్న సంగతి అడిగితే తప్ప గుర్తుచేసుకునేవారు కాదు.

దీనికి అవతలి ఒడ్డు ఇటలీలోని మిలాన్ సభ. 1880లో అక్కడ సమావేశమైన బధిర విద్యా నిపుణులు, ఒకరిద్దరు మినహా అందరూ వినేవాళ్లే, బడుల్లో సైగల భాషను తీసేసి నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. ఆ పరంపరలోనే 2010లో వాంకూవర్‌లో జరిగిన సభ ఆ తీర్మానానికి విచారం తెలిపింది. నడుమ 130 ఏళ్లు గడిచాయి. ఎన్ని తరాల పిల్లలు చేతులు కట్టేసుకొని కూర్చున్నారో ఊహించండి. మిలాన్‌లో కూర్చున్నవాళ్లెవరూ దుర్మార్గులు కారు. అందరికీ చేతిలో విద్య ఉంది.

సందేహి

ఆ చివరి వాక్యం నాకే తగిలింది. కాదనలేను.

లెక్కలపంతులు

పాఠ్యప్రణాళికలో పరిశోధన పద్ధతుల పేపరు ఉందన్నారు కాబట్టి దాని గురించి ఒక మాట. నేను గణాంకాలు బోధిస్తాను, ఈ రంగం వాణ్ణి కాను, కానీ ఇంత ఆసక్తికరమైన కొలత సమస్య మరో చోట అరుదుగా కనిపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి వందమందిలో 16 మందికి, గణనీయమైన వైకల్యం ఉంది. ఈ అంకె ఎలా వస్తుంది అన్నదే అసలు పాఠం. ఇంటికి వచ్చిన గణకుడు 'మీ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా' అని అడిగితే చాలామంది లేరనే చెబుతారు. సిగ్గు కొంత, వయసుతో వచ్చిన చూపు మందగింపును వైకల్యంగా లెక్కించకపోవడం కొంత. 2001లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద ఏర్పడిన వాషింగ్టన్ బృందం ఆ మాట ఎక్కడా రాకుండా ఆరు ప్రశ్నలు తయారుచేసింది. చూడడం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం లేదా మనసు నిలపడం, స్నానం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, వీటిలో మీకు కష్టముందా అని అడుగుతారు. జవాబులు నాలుగు: కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అసలు చేయలేను. కనీసం ఒక్క ప్రశ్నకు చివరి రెండు జవాబుల్లో ఏదో ఒకటి చెబితే లెక్కలోకి వస్తారు. గీతను 'కొంత కష్టం' దగ్గరికి జరపండి, సంఖ్య ఎక్కడికో ఎగబాకుతుంది. మనుషులు మారలేదు, గీత మారింది. పైగా నిరాశ, ఆందోళన వంటివి ఈ ఆరు ప్రశ్నలకు సరిగా చిక్కవు. పైన కెట్లే గురించి రాసిన సభ్యుడికి ఇది బాగా నచ్చుతుందనుకుంటాను.

తొలిమెట్టు

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. నా రెండో ప్రశ్నను ఇంకొంచెం విడమరిచి అడుగుతాను. దరఖాస్తుతో పాటు 'ఈ చదువు ఎందుకు' అని రెండు పేజీలు రాయమన్నారు. నేను తమ్ముడి గురించి రాశాను. వాడిని ఎత్తుకొని బడికి తీసుకెళ్లిన రోజులు, వాడిని చూసి దారిలో జనం జాలిపడడం, అవన్నీ రాశాను. చదివినవాళ్లు బాగుందన్నారు. పంపాలంటే మాత్రం ఏదో అడ్డుపడుతోంది.

తెల్లకర్ర

మీకు అడ్డుపడుతున్నది సరైనదే. దాన్ని గౌరవించండి.

నేను అంధురాలిని, ఈ కోర్సులోనే రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తరగతిలో వైకల్యం లేని విద్యార్థులు సగానికి పైగా ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఇంట్లో ఒక తమ్ముడో తల్లో ఉన్నారు. వాళ్లు రావడం నాకు ఇష్టమే. 'మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు' అన్న నినాదానికి అర్థం మీరు గది బయట నిలబడాలని కాదు. అయితే మొదటి సెమిస్టరులో ప్రతి చర్చా ఎవరో ఒకరి ఇంటి కథ దగ్గర తేలేది. ఆ కథలోని మనిషి గదిలో ఉండడు. అతని స్నానం, అతని మూర్ఛలు, అతను ఏడ్చిన రాత్రి అన్నీ ముప్పైమందికి తెలిసిపోతాయి, అతనికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఆస్ట్రేలియాకు చెందిన స్టెల్లా యంగ్ 2014లో చేసిన ఒక ప్రసంగంలో, వికలాంగుల జీవితాలను ఇతరులు తమ స్ఫూర్తి కోసం వాడుకోవడాన్ని ఎండగట్టారు. ప్రేమతో చెప్పే కథలో కూడా ఆ వాడకం ఉండవచ్చు.

రాయవద్దని అనడం లేదు. రాసిన రెండు పేజీలూ ముందు మీ తమ్ముడికి చదివి వినిపించండి. వాడు మాటల్లో చెప్పలేకపోతే వాడికి తెలిసిన పద్ధతిలోనే అడగండి. వాడు ఒప్పుకోని చోట కొట్టేయండి. పరిశోధన నైతికత అనే పేరుతో మూడో సెమిస్టరులో నేర్పేది దాదాపు ఇదే.

మరో సంగతి, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఈ కోర్సు చెప్పే కళాశాలలన్నీ ఈ కోర్సు చెప్పేదాన్ని ఆచరిస్తాయని అనుకోకండి. నేను ఇంతకుముందు చేరిన ఒక చోట మొదటి నెల చదవాల్సిన వ్యాసాలు ఇరవై రెండు ఇచ్చారు. వాటిలో పద్నాలుగు పుస్తకం పేజీలను ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చినవి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ కాగితం. లోపల అక్షరాలు ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. సరిచేసి ఇవ్వమని అడిగితే ఏడు వారాలు పట్టింది, అప్పటికి మధ్యంతర పరీక్ష అయిపోయింది. నేను ఆ సెమిస్టరు వదులుకొని వేరే చోట చేరాను. ముద్రిత పుస్తకాలను చదవలేనివారి కోసం ప్రచురణకర్త అనుమతి లేకుండానే అనువైన ప్రతులు తయారుచేసుకోవచ్చని 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది, 2016 నుంచి అమలులో ఉంది. ఆ సంగతి ఆ విభాగంలో పాఠంగా చెప్పేవారు కూడా.

మాటతూకం

చర్చలో 'వైకల్యం', 'వికలాంగులు' అనే మాటలు అందరూ వాడుతున్నారు కాబట్టి భాష గురించి కొంచెం. 'వికలం' అంటే విరిగినది, కొరత పడినది. ఆ మాట నచ్చక 'విభిన్న ప్రతిభావంతులు', 'దివ్యాంగులు' అని కొత్తవి వచ్చాయి. రెండోదాన్ని చాలామంది వికలాంగులే ఒప్పుకోరు. గుమ్మం దాటనివ్వకుండా దైవత్వం అంటగట్టడం వల్ల ప్రయోజనమేమిటని వాళ్ల ప్రశ్న. సామాజిక నమూనా ప్రకారం చూస్తే విచిత్రంగా పాత మాటే ఎక్కువ నిజాయితీగా ఉంది, కాకపోతే వికలమైనది అంగం కాదు, ఏర్పాటు.

ఇంతకంటే నన్ను ఇబ్బందిపెట్టేవి మనకు తెలియకుండా వాడేవి. 'కుంటి సాకు', 'గుడ్డి నమ్మకం', 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు', 'గుడ్డి కన్నా మెల్ల నయం'. వీటన్నిటిలో శరీరం ఒక తిట్టుకు పోలికగా పనిచేస్తోంది. శ్రవణం గారి ముందు శంఖం ఊదితే వచ్చే నష్టమేమీ లేదు, ఊదినవాడికి సైగలు రాకపోవడమే నష్టం. తెలుగులో ఈ చదువు చదివే విద్యార్థి ఎవరైనా తన పరిశోధన వ్యాసానికి సామెతలను తీసుకుంటే, ఎన్ని సామెతల్లో ఏ లోపం ఏ గుణానికి గుర్తుగా నిలిచిందో విడదీసి చూపితే, అది మరొకరు చేసిపెట్టలేని పని అవుతుంది.

పాతపుస్తకం

మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ డిగ్రీ ఏ వృత్తికీ లైసెన్సు ఇవ్వదు. దీనితో ఫిజియోథెరపిస్టు కాలేరు, ప్రత్యేక ఉపాధ్యాయులు కాలేరు, సైగల భాష దుబాసీ కూడా కాలేరు; వాటికి విడిగా శిక్షణ, అర్హత పరీక్షలు ఉన్నాయి. సందేహి గారి సలహాలో ఆ మేరకు నిజముంది.

మా తరగతివాళ్లం ఎటు వెళ్లామో చెబుతాను. ఇద్దరు న్యాయశాస్త్రం చదివారు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 2006 డిసెంబర్ 13న ఆమోదం పొంది 2008 మే 3 నుంచి అమలులోకి వచ్చింది. దానికి తగినట్టు దేశాలు తమ చట్టాలను మార్చుకోవలసి వస్తున్నందున ఆ విషయం తెలిసిన న్యాయవాదుల అవసరం ఉంది. కొందరు విశ్వవిద్యాలయాల్లో వికలాంగ విద్యార్థులకు ఏర్పాట్లు చూసే కార్యాలయాల్లో చేరారు. ఒకామె సామాజిక సేవలో పై చదువు చదివింది. నేను సాఫ్ట్‌వేర్ సంస్థలకు వెబ్‌సైట్లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉన్నాయో లేదో పరీక్షించి చెబుతాను. దానికి డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలు ఆధారం. మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనకరంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్నంత ఖచ్చితంగా ఉంటాయి. డిగ్రీతో పాటు ఈ రంగానికి సంబంధించిన సీపీఏసీసీ అనే ధ్రువపత్రం పరీక్ష రాశాను. సాంకేతికం నాకంటే బాగా తెలిసినవాళ్లు సంస్థలో చాలామంది ఉన్నారు. ఒక తెరను చూసి, దీన్ని తయారుచేసినవాడు ఎవరిని ఊహించుకోలేదు అని అడగడం మాత్రం నేను డిగ్రీలో నేర్చుకున్నదే.

వీలుంటే మరో విషయంతో కలిపి చదవండి. చట్టం, కంప్యూటర్లు, వాస్తుశిల్పం, గణాంకాలు, ఏదైనా సరే. ఒక్కటే చదివితే ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ప్రతి చోటా ఈ శాస్త్రమేమిటో మొదటి నుంచి వివరించుకోవలసి వస్తుంది. నాకు అది ఇప్పటికీ విసుగే.

తొలిమెట్టు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ రెండు పేజీలూ తమ్ముడికి చదివి వినిపించాను. వాడు మాటల బోర్డు మీద అక్షరాలు చూపించి మాట్లాడతాడు. ఎత్తుకొని బడికి తీసుకెళ్లిన పేరా మొత్తం తీసేయమన్నాడు. జనం జాలిపడిన పేరా ఉంచమన్నాడు, కానీ అందులో నేను ఏడ్చానని రాసిన వాక్యం తీసేయమన్నాడు. ఆ రోజు ఏడ్చింది తను కాబట్టి. నాకు అది గుర్తే లేదు. చివర ఒక ప్రశ్న వేశాడు: 'అక్కడ పాఠం చెప్పేవాళ్లలో నాలాంటివాళ్లు ఎంతమంది?'

అదే ప్రశ్న విభాగానికి పంపాను. అధ్యాపకులు అయిదుగురని, వారిలో ఇద్దరు వికలాంగులని జవాబు వచ్చింది. తెల్లకర్ర గారు చెప్పినట్టు పాఠాల ప్రతుల గురించి కూడా అడిగాను. 'అవసరమైనవారు కోరితే ఏర్పాటు చేస్తాము' అన్నారు.

తెల్లకర్ర

ఆ జవాబుతో ఆగిపోకండి. కోరితే ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇచ్చే బాధ్యత ఎవరిది, మొదటి సెమిస్టరు పాఠాలు ఇప్పుడే చూపించగలరా, ఈ మూడూ రాసి అడగండి. మీకు స్క్రీన్ రీడర్ అవసరం లేదని వాళ్లు అనవచ్చు. నాతో కలిసి చదవబోయేవాళ్ల కోసం అడుగుతున్నానని చెప్పండి. ఫైళ్లు వస్తే నాకు పంపండి, విని చెబుతాను.

తొలిమెట్టు

పంపాను.

తెల్లకర్ర

పన్నెండు వచ్చాయి, అన్నీ విన్నాను. తొమ్మిది శుభ్రంగా ఉన్నాయి, శీర్షికలు కూడా విడివిడిగా గుర్తించేలా చేశారు; ఎవరో పని తెలిసినవాళ్లు ఉన్నారు. రెండు ఫొటోలే, అక్షరాలు లేవు. ఒకదానిలో పేజీకి రెండు వరుసలు ఉండగా అడ్డంగా చదువుతోంది, ఎడమ వరుసలోని వాక్యం సగంలో కుడి వరుసలోకి దూకుతోంది. ఈ మూడింటి పేజీ సంఖ్యలు మీకు విడిగా పంపాను.

తొలిమెట్టు

ఆ మూడింటి సంగతి విభాగానికి రాశాను. రెండింటికి కొత్త ప్రతులు నాలుగో రోజున వచ్చాయి. మూడోదానికి పుస్తకం దొరకడం లేదని, బదులుగా వేరే వ్యాసం పెడతామని అన్నారు. మీకు పంపుతున్నాను, ఇవి కూడా ఒకసారి విని చెప్పగలరా? గణాంకాలను రెండో విషయంగా తీసుకొని దరఖాస్తు నిన్న పంపాను. తమ్ముడు కొట్టేసిన చోట్ల ఏమీ పూరించకుండా పేజీన్నరే పంపాను.